పిల్లలకు పచ్చదనం ఎలా అబ్బుతుంది?

వనజీవి రామయ్య గారికి మొక్కల మీద మమకారం బడిలో పుట్టలేదు. ఖమ్మం రూరల్ మండలం రెడ్డిపల్లిలో ఆయన చిన్నతనంలో వాళ్లమ్మ వచ్చే ఏటికి కావలసిన కూరగాయల విత్తనాలు జాగ్రత్తగా దాచిపెట్టేది. అది చూస్తూ పెరిగానని, తనకు ఈ దారి అక్కడే మొదలైందని ఆయన చెప్పుకునేవారు. పెద్దయ్యాక జేబు నిండా గింజలు, సైకిల్ మీద మొక్కలు, మెడలో చెట్టును కాపాడుకోమని రాసిన అట్ట వేసుకుని, భార్య జానమ్మ గారిని తోడు పెట్టుకుని కాలువ గట్ల వెంట, రోడ్ల పక్కన నాటుకుంటూ పోయారు. కోటికి పైగా మొక్కలు నాటిన మనిషని పేరొచ్చింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2025 ఏప్రిల్ 12న కన్నుమూశారు. ఆయన్ని తయారుచేసిన ఆ తల్లి చేసిందల్లా తన ఇంటి పని. కొడుకు పక్కనే ఉన్నాడు, చూశాడు.

ఖమ్మంలోనో కొత్తగూడెంలోనో తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులతో కాసేపు కూర్చుంటే ఒక మాట తప్పకుండా వినపడుతుంది. “ప్లాస్టిక్ మీద వ్యాసం రాస్తే మా వాడికి మొదటి బహుమతి వచ్చింది సార్. ఇంట్లో మాత్రం గదిలోంచి బయటికొస్తే ఫ్యాన్ కట్టేయడు.” మాట నిజమే. దానికి పిల్లవాణ్ణి తప్పుపట్టడం మాత్రం న్యాయం కాదు.

పిల్లలకు తెలియక కాదు. పర్యావరణాన్ని బడిలో తప్పనిసరిగా చెప్పాలని 1991లోనే సుప్రీంకోర్టు అంది. 2001 నుంచి నేషనల్ గ్రీన్ కోర్ పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు నడుస్తున్నాయి. ఓజోన్ పొర గురించి మనకంటే వాళ్లకే బాగా తెలుసు. తెలిసింది చేతల్లోకి ఎందుకు దిగదన్నదే ప్రశ్న. ఐసెక్ అజెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1991లో దీనికి ఒక జవాబు ఇచ్చారు. మనిషి ఒక పనికి పూనుకోవడం వెనక మూడు సంగతులు ఉంటాయన్నారు: ఆ పని మంచిదన్న అభిప్రాయం, తనవాళ్లు ఏమనుకుంటారోనన్న లెక్క, అది తన చేతనవుతుందన్న నమ్మకం. బడి వీటిలో మొదటిదాన్ని నింపి పంపిస్తుంది. మిగతా రెండూ ఇంట్లో, వీధిలో, స్నేహితుల మధ్య తేలాల్సినవి. అక్కడే మన పాత్ర ఉంది.

ముందు ఇంటి సంగతి. డెన్మార్క్‌లో ఆలిస్ గ్రోన్‌హోయ్, జాన్ థోగర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు టీనేజి పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ కలిపి పరిశీలించి, 2009లోనూ 2012లోనూ ఫలితాలు ప్రచురించారు. చెత్త వేరుచేయడం, కరెంటు పొదుపు లాంటి పనుల్లో పిల్లల మీద గట్టిగా పనిచేసింది తల్లిదండ్రులు చేస్తుండగా వాళ్ల కంటపడిన పనేనని తేలింది. కంటపడటం అన్నది ముఖ్యం. మీరు సంచి పట్టుకుని ఒక్కరే రైతుబజారుకు వెళ్లొస్తే అది పిల్లవాడికి తెలియదు. వాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి, కొట్టతను కవరు తీయబోతుంటే “వద్దు, సంచి ఉంది” అన్నప్పుడు తెలుస్తుంది.

కంటపడేవి మంచి పనులే కానక్కర్లేదు. ఆదివారం కిన్నెరసానికి వెళ్లి తిన్న పేపరు ప్లేట్లు డ్యామ్ పక్కనే వదిలేసి వస్తాం. పాల్వంచ నుంచి భద్రాచలం పోతూ కారు అద్దం దించి కోతులకు చిప్స్ ప్యాకెట్ విసురుతాం, నీళ్ల సీసా విసురుతాం. గోదారి స్నానం చేసి తడిబట్టలు, కవర్లు ఘాటు మెట్ల మీదే విడిచి గుడికి నడుస్తాం. వెనక సీట్లో పద్నాలుగేళ్ల పిల్ల ఇదంతా చూస్తూ కూర్చుని ఉంటుంది. ఏమీ అనదు. ఆ వయసులో పిల్లలు అనడం తగ్గించేసి, గమనించడం పెంచుతారు.

మన ప్రాంతంలో ఈ విషయానికి ఇంకో మెలిక ఉంది. 1889లో ఇల్లందులో మొదలైన బొగ్గు తవ్వకం మీద ఈ జిల్లాల్లో కొన్ని తరాలు బతికాయి, ఇప్పటికీ బతుకుతున్నాయి. నాన్న సింగరేణిలోనో, పాల్వంచ థర్మల్ కేంద్రంలోనో, సారపాక కాగితం మిల్లులోనో పనిచేస్తుంటాడు. బడిలో బొగ్గు పొగ గురించి పాఠం విన్న పిల్ల ఇంటికొచ్చి, “నువ్వు బొగ్గు తవ్వుతావు, నన్నేమో లైటు ఆపమంటావు” అంటుంది. చాలామంది తండ్రులకు ఇక్కడ కోపం వస్తుంది. రావడం సహజం, అది కూడు పెట్టిన పని. కానీ ఆ ప్రశ్నను కసిరి పంపించకండి. ఆ బొగ్గుతోనే ఈ ఇల్లు నడిచిందని, ఊళ్లకు కరెంటు వచ్చిందని, దానికి అడవీ గాలీ మూల్యం చెల్లించాయని, రెండూ నిజమేనని చెప్పండి. ఇల్లందు, మణుగూరుల్లో సింగరేణే సౌర విద్యుత్ ప్లాంట్లు పెట్టిందని చెప్పండి. “మా తరం ఇలా బతికింది, మీ తరం ఇంకోలా బతకడానికి ఏం చదవాలో ఆలోచించు” అనండి. పెద్దవాళ్లు తమతో దాపరికం లేకుండా మాట్లాడారన్న నమ్మకం కుదిరితే పిల్లలు మిగతా మాటలు కూడా వింటారు. కసిరితే పర్యావరణం అన్నది పరీక్షలో రాయడానికేనని అర్థం చేసుకుంటారు.

పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేసరికి చిన్నప్పటి ఉత్సాహం కొంత జారిపోవడం కూడా మామూలే. ఆరో తరగతిలో మొక్కకు పేరు పెట్టి నీళ్లు పోసిన పిల్లవాడు తొమ్మిదిలో దాని మొహం చూడడు. స్వీడన్ బడుల్లో పరిశీలించిన ఓల్సన్, గెరిక్ అనే పరిశోధకులు దీన్ని కౌమారపు దిగుడు అన్నట్టుగా వర్ణించారు. మీ పెంపకంలో లోపం వెతుక్కోకండి. ఆ వయసులో పిల్లలకు తామెవరో తేల్చుకోవడమే పెద్ద పని. అందులో స్నేహితులకున్న ఓటు మనకు ఉండదు.

స్నేహితుల సంగతి కొంచెం నిదానంగా చూడాలి. 2005లో అమెరికాలో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనేవాళ్లు కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించి చూశారు. పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు ఒంటరిగా ఉన్నప్పటికంటే స్నేహితులు పక్కన ఉన్నప్పుడు బాగా ఎక్కువ సాహసాలు చేశారు. పెద్దవాళ్లలో ఆ తేడా లేదు. ఇది చదివి తల్లిదండ్రులు స్నేహితుల గురించి భయపడతారు. నేను దీన్ని ఇంకో వైపు నుంచి కూడా చూస్తాను. పక్కన ఇద్దరుంటే ఆ ధైర్యం మంచి పనికీ వస్తుంది. రామయ్య గారిని మొదట్లో జనం పిచ్చివాడన్నారు. ఆయన తట్టుకున్నారు. పద్నాలుగేళ్ల పిల్లవాడు ఆ మాట తట్టుకోలేడు, తట్టుకోవాలని మనం అడగకూడదు. స్టీలు టిఫిన్ డబ్బా, స్టీలు సీసా తెచ్చుకునేవాడు క్లాసులో ఒక్కడే అయితే వారంలో మానేస్తాడు. ముగ్గురైతే అది ఆ ముగ్గురి పద్ధతి అవుతుంది. అందుకని ఒక్క పిల్లవాణ్ణి మార్చాలని చూడకుండా వాడి ఇద్దరు స్నేహితుల అమ్మలకు ఫోన్ చేయండి. పుట్టినరోజుకు థర్మోకోల్ అలంకారం, ప్లాస్టిక్ గ్లాసులు లేకుండా చేద్దామని ముగ్గురూ ఒకేసారి అనుకుంటే పిల్లలకు చిన్నతనం అనిపించదు. ఆ సరుకుల్లో చాలావాటి మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది.

మనం తెలియకుండా చేసే ఒక పొరపాటు ఇక్కడే ఉంది. “మనవాళ్లు మారరు”, “అందరూ రోడ్డు మీదే పడేస్తారు” అని పిల్లల ముందు నిట్టూరుస్తాం. అలా అంటే పిల్లలకు బాధ్యత తెలుస్తుందనుకుంటాం. అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో శిలగా మారిన చెట్ల అడవి ఒకటి ఉంది. సందర్శకులు ఆ ముక్కలు జేబులో వేసుకుపోతుండేవారు. మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ చల్దీనీ బృందం అక్కడ రకరకాల బోర్డులు పెట్టి, గుర్తుపెట్టిన ముక్కలు దారి పక్కన ఉంచి లెక్క చూసింది. చాలామంది తీసుకుపోవడం వల్ల అడవి పాడైపోతోందన్న బోర్డు దగ్గర సుమారు 8 శాతం ముక్కలు పోయాయి. తీసుకుపోకండి అని మాత్రమే రాసిన బోర్డు దగ్గర పోయినవి 2 శాతం లోపే. అందరూ చేస్తున్నారని చెబితే, చేయడం మామూలేనని జనం అర్థం చేసుకున్నారన్నమాట. పిల్లలకు మన చుట్టూ మంచిగా చేస్తున్నవాళ్లను చూపించండి. మోదుగాకు, అడ్డాకు విస్తళ్లలో భోజనం పెట్టిన పెళ్లికి వెళ్తే ఆ సంగతి ఇంటికొచ్చి మెచ్చుకోండి. ఆ ఆకు మన అడవిదే, కుట్టే చేతులు మన గిరిజన ఆడవాళ్లవే.

చెప్పి చేయించడం, డబ్బులిచ్చి చేయించడం, రెండింటికీ ఈ వయసులో ఆయుష్షు తక్కువ. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు చేసిన ఒక ప్రయోగం మనస్తత్వ శాస్త్రంలో చాలా పేరున్నది. ఇష్టంగా బొమ్మలు వేసుకునే పసిపిల్లలకు బొమ్మ వేస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పి, ఇచ్చారు. తర్వాత చూస్తే ఆ పిల్లలకే బొమ్మల మీద ఆసక్తి తగ్గింది. మొక్కకు నీళ్లు పోస్తే పది రూపాయలు అనే ఒప్పందం కూడా అంతే, పది ఆగిన రోజు నీళ్లూ ఆగుతాయి. టీనేజి పిల్లలకు పనికొచ్చేది 2016లో అమెరికాలోని టెక్సస్‌లో ఎనిమిదో తరగతి పిల్లల మీద చేసిన మరో ప్రయోగంలో కనిపించింది. ఆరోగ్యానికి మంచిది కాదని చెప్పి జంక్ ఫుడ్ మానిపించబోతే పిల్లలు పెద్దగా కదల్లేదు. ఆ కంపెనీలు ప్రకటనలతో మిమ్మల్ని ఎలా బుట్టలో వేసుకుంటున్నాయో చూడండి అని చూపించేసరికి చిరుతిళ్ల ఎంపిక మారింది. ఆ వయసులో తన మీద ఎవరో పెత్తనం చేస్తున్నారంటే ఒళ్లు మండుతుంది, అన్యాయం అంటే ఇంకా మండుతుంది. ఆ మంటను గౌరవించండి. ఊళ్లో చెత్త ఎక్కడికి పోతోంది, ఎవరి ఇళ్ల పక్కన పోస్తున్నారు, ఎవరి పిల్లలు ఆ పొగ పీలుస్తున్నారు అని అడగండి. జవాబు వాళ్లే వెతుక్కుంటారు.

అజెన్ చెప్పినవాటిలో మూడోది, నా చేతనవుతుందన్న నమ్మకం. దీన్ని మనం తెలియకుండానే పోగొడుతున్నాం. మొక్కలు నాటే ప్రభుత్వ కార్యక్రమం హరితహారం 2015లో మొదలైంది, ఇప్పుడు వనమహోత్సవం జరుగుతోంది. ఏటా వానాకాలంలో పిల్లల్ని వరసగా నిలబెట్టి మొక్కలు నాటిస్తాం, ఫొటో తీస్తాం. బతికినవి బతుకుతాయి. ఎండిపోయినవాటిని మార్చిలో ఆ పిల్లలే చూస్తారు. కొత్తగూడెం, భద్రాచలం ఎండలు చెప్పక్కర్లేదు, నీళ్లు పోసే మనిషి లేకుండా మొదటి వేసవి దాటడం లేత మొక్కకు కష్టం. తను నాటింది ఎండిపోవడం చూసిన పిల్లవాడు నేర్చుకునేది పర్యావరణ పాఠం కాదు, నేను చేసినా ఏమీ కాదన్న పాఠం. నావరకు నేను వంద మొక్కలు నాటించడం కంటే ఒక్క మొక్కను మూడు వేసవులు దాటించడమే మేలంటాను. ఇంట్లో కూడా ఫలితం కంటికి కనపడే పని ఇవ్వండి. కరెంటు మీటరు చదవడం పిల్లలకు అప్పగించండి. 200 యూనిట్ల లోపు ఉంటే గృహజ్యోతి పథకం కింద బిల్లు లేని ఇళ్లలో ఆ అంకె మీద నిఘా పెట్టడం పిల్లలకు సరదాగానే ఉంటుంది. ఏ గదిలో ఏం ఆపాలో వాళ్లే చెప్పనివ్వండి, వాళ్లు చెప్పినట్టు మనం ఆపుదాం.

ఇప్పటిదాకా రాసింది ఎక్కువగా టౌన్లలో ఉండే తల్లిదండ్రులకు. చర్ల, దుమ్ముగూడెం, గుండాల, ఆళ్లపల్లి వైపు ఊళ్లలో ఉండి, పిల్లల్ని ఆశ్రమ పాఠశాలలకో హాస్టళ్లకో పంపిన కోయ, కొండరెడ్డి, నాయకపోడు అమ్మానాన్నలతో వేరే మాట చెప్పాలి.

మీ పిల్లలకు అడవి గురించి బయటివాళ్లెవరూ కొత్తగా నేర్పాల్సిన పని లేదు. ఇప్పపువ్వు ఎప్పుడు రాలుతుందో, తునికాకు ఏ అదనులో కోయాలో, యాభై ఆకుల కట్ట ఎలా కట్టాలో పదేళ్లకే వాళ్ల చేతికి వస్తుంది. కొత్త కాయనూ కొత్త గింజనూ ముందు దేవతకు పెట్టి, పండుగ చేశాకే నోట పెట్టే ఆచారం మీ ఇళ్లలో ఉంది. మామిడి కొత్త పండుగ దాకా కాయ ముట్టకుండా ఆగితే కాయ చెట్టు మీదే ముదురుతుంది. బయట పెద్ద పెద్ద సదస్సుల్లో ఇప్పుడు చెప్పుకుంటున్న మితం మీకు పండుగగా అందింది. కానీ హాస్టల్లో చేరిన మూడో ఏటికి పిల్లవాడు ఈ సంగతులు మాట్లాడటానికి సిగ్గుపడటం మొదలుపెడతాడు. పట్నం పిల్లల ముందు అడవి గురించి తెలిసి ఉండటం చిన్నతనంగా తోస్తుంది. ఇందాక చెప్పుకున్న స్నేహితుల ఓటు ఇక్కడ ఎదురు తిరుగుతుంది. ఆ సిగ్గును పోగొట్టగలిగింది మీరే. సెలవులకు వచ్చినప్పుడు వాణ్ణి చదువుకున్నవాడని పక్కన కూర్చోబెట్టకుండా అడవికి తీసుకెళ్లండి. చెట్ల పేర్లు మీ భాషలో, తెలుగులో రెండింటిలోనూ నోటుబుక్కులో రాయించండి. వాళ్ల టీచరుకు చూపించమనండి. టీచర్లకు కూడా నా మనవి ఇదే: ఆ నోటుబుక్కును తరగతిలో అందరి ముందు చదివించండి.

ఒక్క విషయంలో మాత్రం పిల్లల ముందు జాగ్రత్త పడాలి. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకు తగలబెట్టడం, తునికి చిగుళ్లు బాగా రావాలని పొదలకు నిప్పు పెట్టడం కొన్నిచోట్ల ఉంది. వేసవి ఆదాయం దాని మీదే కాబట్టి జరుగుతోంది, ఎవరికీ అడవి మీద పగ లేదు. అయినా ఆ నిప్పు చెట్టు కింద ఆగదు. లేత మొలకల్ని, నేల మీది గూళ్లను తింటూ గుట్ట ఎక్కుతుంది. చీపురుతో ఊడ్చుకుంటే పువ్వు శుభ్రంగానే దొరుకుతుంది, తునికి కొమ్మ కొట్టినా చిగురు వస్తుంది. నిప్పు లేకుండా పూలేరిన ఇంట్లో పెరిగిన పిల్లవాడు రేపు తన ఇంట్లోనూ అలాగే ఏరుతాడు. టౌన్లో ఉన్నవాళ్లు ఈ పేరా చదివి, అడవి తగలబడటానికి వీళ్లే కారణమని పిల్లలకు చెప్పవద్దని వేడుకుంటున్నాను. మన రోడ్లకు, గనులకు, రిజర్వాయర్లకు పోయిన అడవి ముందు ఆ నిప్పు ఎంత?

ఇక భయం సంగతి. 2022 జులై 16న భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకు వచ్చింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు చూడలేదు. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు, ఊళ్లు ఖాళీ చేయించారు. 2024 సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు పొంగి కాలనీల్లోకి వచ్చింది. ఆ రాత్రులు డాబాల మీదా పునరావాస కేంద్రాల్లోనూ గడిపిన పిల్లలు ఇప్పుడు మన ఇళ్లలో టీనేజిలో ఉన్నారు. ముసురు పట్టగానే ఫోన్లో నీటిమట్టం చూసుకుంటారు. మన దేశంతో సహా పది దేశాల్లో పదివేల మంది యువతను అడిగి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 59 శాతం మంది వాతావరణ మార్పు గురించి బాగా లేదా విపరీతంగా ఆందోళన పడుతున్నామన్నారు. పిల్లల్ని దారికి తేవడానికి ఈ భయాన్ని వాడుకోకండి. చేయడానికి ఏమీ లేని చోట భయం మనిషిని ముడుచుకునేలా చేస్తుంది, “ఎలాగూ మునుగుతాం కదా” అనిపిస్తుంది. భయంగా ఉందని పిల్ల అంటే “ఏం కాదులే” అనకండి, అయింది కదా, తనే చూసింది. “నాకూ భయమేసింది” అనండి. ఆ తర్వాత ఈసారి నీళ్లొస్తే ముందు ఏ సామాను పైకెత్తాలో, పక్కింటి ముసలమ్మను ఎవరు తీసుకురావాలో తనతో కలిసి రాయండి. చేతికి పని దొరికాక భయం ఆ పనిలోకి మళ్లుతుంది.

పిల్లలకు మనం నేర్పడమే కాదు, వాళ్ల నుంచి మనకూ అందుతుంది. అమెరికాలోని నార్త్ కరోలినాలో బడి పిల్లలకు వాతావరణ మార్పు పాఠాలు చెప్పి, తల్లిదండ్రుల అభిప్రాయాలు ముందూ తర్వాతా అడిగారు. పిల్లలతో పాటు పెద్దల్లోనూ పట్టింపు పెరిగింది. తండ్రుల్లో బాగా పెరిగింది, ముఖ్యంగా కూతుళ్లు చెప్పిన ఇళ్లలో. 2019లో వచ్చిన ఈ ఫలితం మన నాన్నలకు ఆశ్చర్యమేమీ కాదు. కూతురు అడిగితే సిగరెట్ మానేసిన తండ్రులు మనకు తెలుసు.

కాబట్టి ఈ వేసవి సెలవుల్లో మీ ఇంట్లో టీనేజి పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పకండి, అడగండి. మన ఇంట్లో ఏది మారితే బాగుంటుందో ఒక్కటి చెప్పమనండి. వాళ్లు చెప్పింది మీకు ఇబ్బంది కలిగించేదే కావచ్చు, బైకు మానేసి నడవమనవచ్చు, అక్క పెళ్లిలో నీళ్ల సీసాలు వద్దనవచ్చు. ఒప్పుకోండి. ఒప్పుకున్నాక ముందు మీరే మొదలుపెట్టండి.